ఎడమవైపు సీటులో

(విజయవాడలో ఇంటర్మీడియట్ విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మాది లబ్బీపేట. మాకు ఇద్దరు పిల్లలు. అమ్మాయి పెద్దది, అబ్బాయి చిన్నవాడు. పిల్లల చేతికి బండి ఇచ్చే విషయం మీద ఒక తల్లిగా మాట్లాడమని అడగ్గానే ఒప్పుకున్నాను. ఈ విషయంలో నేను చేసిన తప్పులున్నాయి. వాటిని ఇంకో తల్లి చేయకుండా ఉంటే చాలని వచ్చాను.

వస్తూ వస్తూ ఎదురు సందులోకి వెళ్ళి చూశాను. కాలేజీ లోపల పిల్లల బళ్ళ పార్కింగ్‌కి ఒప్పుకోరు కాబట్టి జిరాక్స్ షాపు పక్కన, కొబ్బరిబోండాల బండి వెనక వరసగా పెట్టి ఉన్నాయి. మొత్తం 19 బళ్ళు. వాటిలో నాలుగింటికే హెల్మెట్ తగిలించి ఉంది. ఇంటర్ పిల్లలంటే పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళు. ఆ 19 తాళాలూ ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్ళు చేతికిచ్చినవే.

అలా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

2019 ఆగస్టులో మా వాడికి పదిహేనేళ్ళు. ఒక సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. చూస్తే పెరుగు లేదు. "నాన్నా, స్కూటీ వేసుకెళ్ళి ఒక ప్యాకెట్ తెచ్చెయ్" అన్నాను. షాపు రెండు సందుల అవతల. ఆదివారం పొద్దున్న పూట ఖాళీ రోడ్డు మీద మా వారు వాడికి కొంత నేర్పారు కూడా. అప్పుడే వాన పడి వెలిసింది. మలుపులో కుక్క అడ్డం వస్తే వాడు కంగారులో ముందు బ్రేక్ గట్టిగా పట్టేశాడు. బండి జారి కూరగాయల తోపుడుబండికి తగిలింది.

ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆ తోపుడుబండి అతను మా వాడిని అరుగు మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్ళతో మోకాలు కడుగుతున్నాడు. అతని టమాటాలు రోడ్డంతా దొర్లి ఉన్నాయి. వాటి మీద నుంచే ఆటోలు వెళ్ళిపోతున్నాయి. నేను డబ్బులివ్వబోతే, "అవి తర్వాత చూద్దామమ్మా, ముందు బాబుకి టీటీ ఇంజెక్షన్ చేయించండి" అన్నాడు. మా పిల్లవాడి వల్ల ఆ రోజు అతని సరుకంతా పోయింది. అయినా అతను ముందు చూసింది పిల్లవాడినే. ఆ మనిషిని నేను మర్చిపోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోపుడుబండి ఉన్న చోట ఎవరైనా ముసలావిడ నడుస్తూ ఉంటే ఏమయ్యేదని తెల్లవార్లూ ఆలోచించాను.

మరుసటి నెల, అంటే 2019 సెప్టెంబర్ 1 నుంచి, మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలు అమల్లోకి వచ్చాయి. అందులో 199ఎ అనే సెక్షన్ ఉంది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులనో బండి యజమానినో దోషిగా చూస్తారు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్స్ రాదు. పిల్లవాడు చేసినదానికి మాకు శిక్ష ఏమిటని చాలామంది అడుగుతారు. నాకు మాత్రం అది న్యాయంగానే అనిపించింది. ఆ సాయంత్రం పెరుగు కావలసింది నాకు. తాళం ఇచ్చింది నేను.

పదహారేళ్ళు వస్తే స్కూటీ నడపొచ్చు కదా అని కొందరు అంటారు. చట్టం పదహారేళ్ళకి ఒప్పుకున్నది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికి మాత్రమే. ఇప్పుడు మనం కొంటున్న పెట్రోలు స్కూటీలు దాదాపు అన్నీ 100 సీసీ పైవే. బ్యాటరీ బళ్ళ సంగతీ అంతే. గంటకు 25 కిలోమీటర్లు దాటని, మోటారు 250 వాట్లు మించని వాటికే లైసెన్స్ అక్కర్లేదు. 60, 70 వేగంతో వెళ్ళే బ్యాటరీ స్కూటర్‌కి కావలసిందే. షాపులో ఏం చెప్పినా సరే, బండి కాగితాల్లో ఏముందో చూసుకోండి.

"టెన్త్‌లో 580 దాటితే బండి కొనిస్తా" అనే మాట మన ఇళ్ళల్లో ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. మార్కులు వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోలేం. దయచేసి అసలు ఆ మాటే ఇవ్వకండి. పిల్లవాడు బాగా చదివాడంటే వాడికి లెక్కలు వచ్చినట్టు. రోడ్డు వచ్చినట్టు కాదు.

నేను ఏటా తొమ్మిదో తరగతికి చలనం పాఠం చెబుతాను. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. 72 అయితే సెకనుకు 20 మీటర్లు. ఎదురుగా ఏదో కనపడి బ్రేక్ మీదకి చెయ్యో కాలో వెళ్ళడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. బ్రేక్ పట్టాక బండి వేగం సెకను సెకనుకూ 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుందాం. 36 మీద వెళ్ళే బండి, చూసిన క్షణం నుంచి ఆగేదాకా 20 మీటర్లు వెళుతుంది. 72 మీద వెళ్ళేది 60 మీటర్లు వెళుతుంది. వేగం రెట్టింపయితే బ్రేక్ పట్టాక సాగే దూరం నాలుగు రెట్లవుతుంది. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. ఇరవయ్యేళ్ళుగా ఈ లెక్క బోర్డు మీద చేయిస్తున్నాను. మా వాడు కూడా నా దగ్గరే చేశాడు, పదికి పది తెచ్చుకున్నాడు. ఆ సందు మలుపులో ఆ లెక్క వాడికి గుర్తు రాలేదు, రాదు కూడా. ముందు వెనకలు ఆలోచించి తొందరని ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవైల నడుమ దాకా పడుతుందని శాస్త్రం చెబుతోంది. పదహారేళ్ళ పిల్లవాడు మొండివాడని తిట్టుకునే ముందు మనం ఇది గుర్తు పెట్టుకోవాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్ళే. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50 వేల పైమాట. ఇంతకన్నా అంకెలు చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని లేదు. ఆ సందులో నేను చూసిన 19 బళ్ళలో 15 బళ్ళకి హెల్మెట్ లేదని మాత్రం మళ్ళీ చెబుతున్నాను.

ఇక పిల్లలకి డ్రైవింగ్ ఎవరు నేర్పుతారన్న సంగతి. డ్రైవింగ్ స్కూలు అనుకుంటాం. మా అమ్మాయికి ఏడేళ్ళప్పుడు ఒక రోజు మా వారు స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని బెంజ్ సర్కిల్ దాటుతున్నారు. అప్పటికి అక్కడ ఫ్లైఓవర్ లేదు. వెనక నేను కూర్చున్నాను. ఎర్ర లైటు పడింది, మా వారు ఆపలేదు. "నాన్నా, రెడ్ కదా!" అంది పిల్ల. "పోలీసు లేడులేమ్మా" అన్నారాయన. నేను కూడా ఏమీ అనలేదు.

పదమూడేళ్ళు గడిచాక మా అబ్బాయి లైసెన్స్ తీసుకుని కొత్తగా బండి నడుపుతుంటే, ఆయన వెనక కూర్చుని బందర్ రోడ్డు మీద వెళ్ళారు. సిగ్నల్ దగ్గర వాడు లైటు వైపు చూడలేదట. పక్కన పోలీసు ఉన్నాడా లేడా అని చూశాడట. ఇంటికొచ్చి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు" అన్నారు. ఆ రోజు నుంచి రాత్రి పదకొండింటికి రోడ్డు ఖాళీగా ఉన్నా ఆయన ఎర్ర లైటు దగ్గర ఆగుతారు. చట్టం నాలుగేళ్ళు దాటిన ప్రతి మనిషికీ హెల్మెట్ ఉండాలంటోంది. మనం మాత్రం తండ్రి తలకి హెల్మెట్ పెట్టి, ముందు నిలబడ్డ పిల్లని ఖాళీ తలతో తీసుకెళతాం. ఆ పిల్ల ఆ వయసు నుంచే చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు అసలు చెప్పడానికి వచ్చిన విషయం. ఇది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

2022లో అబ్బాయికి పద్దెనిమిది నిండాక పద్ధతి ప్రకారమే వెళ్ళాం. ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, తీసుకున్నాం, 30 రోజులు ఆగాం, స్లాట్ బుక్ చేశాం. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు వాడు కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేశాడు. లైసెన్స్ వచ్చింది, హెల్మెట్ కొన్నాం, బండి ఇచ్చాం. నా వంతు అయిపోయిందనుకున్నాను.

ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఒక సాయంత్రం ఉండవల్లి వైపు ఫ్రెండ్ ఇంటికి వెళ్ళాడు. ఏడింటికి వస్తానన్నాడు. ఏడుంబావు అయింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. టెన్షన్ మొదలైంది. ప్రకాశం బ్యారేజీ, చీకటి, వాన, ఏవేవో కళ్ళ ముందు కనపడుతున్నాయి. మూడోసారి చేశాను. నాలుగోసారి చేసేసరికి ఎత్తి, "వస్తున్నానమ్మా" అన్నాడు. గొంతు వణికింది. ఇంటికొచ్చాక అన్నం కూడా తినకుండా నా దగ్గర కూర్చుని చెప్పాడు. "అమ్మా, నువ్వు నాలుగోసారి చేసినప్పుడు బ్యారేజీ మీద ఉన్నా. ఇంట్లో ఏమైందోనని భయమేసి జేబులోంచి ఫోన్ తీశా. తల ఎత్తేసరికి ముందు ఆటో ఆగి ఉంది. తగలలేదు గానీ, జానెడు దూరంలో ఆగా."

బ్యారేజీ మీద పక్కకి తప్పుకునేంత చోటు ఉండదని మీకందరికీ తెలుసు. గంటకు 40 మీద వెళ్ళే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. జేబులోంచి ఫోన్ తీసి పేరు చూడటానికి మూడు సెకన్లనుకుంటే 33 మీటర్లు. ఆ 33 మీటర్లూ వాడు కళ్ళు మూసుకుని నడిపినట్టే. వాడిని ఆ స్థితిలోకి తెచ్చింది ఏ ఫ్రెండూ కాదు, నేను. నా భయం వెళ్ళి వాడి జేబులో మోగింది.

అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. అది పిల్లలకి కాదు, నాకు. బయలుదేరేటప్పుడు చెబుతారు, చేరాక చెబుతారు. మధ్యలో నేను ఫోన్ చేయను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సీటు కింద డిక్కీలో పడేస్తారు. ఆలస్యమైతే అరగంట దాకా నేను ఓర్చుకోవాలి. రాసుకోవడానికి సులువే. ఆ అరగంట గడియారం చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఇక్కడున్న తల్లులకి నేను చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్న నాన్నలు కూడా దయచేసి ఇది ఆలోచించండి. "ఎక్కడున్నావ్?" అని మనం అడిగేటప్పుడు, వాళ్ళు ఎక్కడున్నారో మనకి తెలియదు.

ఆ నియమానికి నిజమైన పరీక్ష 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. బుడమేరు వరద మీలో చాలామంది అనుభవించినదే. సింగ్ నగర్ అంతా నీళ్ళలో ఉంది. మా వైపు ఇబ్బంది లేదు. మా వారు పని మీద హైదరాబాద్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదకి నీళ్ళొచ్చాయి, రైళ్ళు కూడా ఆగిపోయాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళమంతా కలిసి పులిహోర చేసి పొట్లాలు కట్టాం. పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు తెప్పించాం. పడవలు, ట్రాక్టర్లు బయలుదేరేది సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర నుంచి. అక్కడిదాకా చేర్చాలి.

సెల్లార్‌లో మా కారు ఉంది. నడపడానికి మనిషి లేరు. నాకు స్కూటీయే వచ్చు. అబ్బాయి బైక్ మీద ముందొక సంచి, వెనకొక సంచి పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. మా అమ్మాయి సంచులు కడుతూ కడుతూ, "నాకు కారు వచ్చి ఉంటే రెండు ట్రిప్పుల్లో అయిపోయేది కదమ్మా" అంది. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. దానికప్పుడు ఇరవై రెండేళ్ళు. తమ్ముడికి పద్దెనిమిది రాగానే బండి వచ్చింది. అక్క పద్దెనిమిదికి అడిగింది, పంతొమ్మిదికి అడిగింది. "నీకెందుకమ్మా, మీ నాన్న దింపుతారు, తమ్ముడు దింపుతాడు" అన్నాం. తర్వాత అడగడం మానేసింది. ఆడపిల్ల అడగడం మానేస్తే బుద్ధిమంతురాలు అనుకుంటాం. అది తప్పండి. ఇక్కడ ఆడపిల్లల తల్లిదండ్రులు ఉంటే గట్టిగా చెబుతున్నాను, అది తప్పు.

ఆ రోజు అబ్బాయికి నేను ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ప్రతి ట్రిప్పుకీ "చేరానమ్మా" అని వాడే చేశాడు. చివరిసారి తొమ్మిదిన్నరకి చేశాడు. తర్వాత లేదు. పదిన్నర అయింది. మేమనుకున్న అరగంట ఎప్పుడో దాటింది. ఫోన్ చేతిలోనే ఉంది, అమ్మాయి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. పదకొండింటికి నడుము దాకా తడిసి వచ్చాడు. ఛార్జింగ్ అయిపోయిందట. ఒక తాతగారిని పడవలోంచి దింపి, ఆటో దొరికేదాకా ఆయన పక్కనే ఉన్నాడట. వాడి చేతుల మీద పాల వాసన. వేడినీళ్ళు పెట్టి ఇచ్చాను. పెరుగు ప్యాకెట్‌కి పంపిన పిల్లవాడూ, వీడూ ఒకడేనా అనిపించింది.

వరద తగ్గాక అమ్మాయిని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాం. పొద్దున్న ఆరింటికి క్లాసు. ఆ కార్లలో నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేక్, క్లచ్ ఉంటాయి. పిల్ల తడబడితే ఆయన నొక్కేస్తాడు. ఆ తర్వాత మా కారుకి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్రగా 'ఎల్' అతికించి ఇంటి దగ్గర ప్రాక్టీసు మొదలుపెట్టింది. చట్టం ప్రకారం లైసెన్స్ ఉన్నవాళ్ళే పక్కన కూర్చోవాలి కాబట్టి మొదటి నెలలు మా వారు కూర్చున్నారు. లైసెన్స్ చేతికొచ్చాక నన్ను కూర్చోమంది.

సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలున్న చోటే ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది కదా. తెల్లవారుజామున అది విశాలంగా, ఖాళీగా ఉంటుంది. అక్కడ బాగానే నడిపింది. అక్కడి నుంచి, "అమ్మా, సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుదామా" అంది. సగం ఎక్కాక ముందు లారీ ఆగింది. ఇది కూడా ఆపింది. లారీ కదిలింది. ఇది క్లచ్ వదిలింది, ఇంజిన్ ఆగిపోయింది. కారు వెనక్కి జారింది. వెనక ఆర్టీసీ బస్సు.

నా కుడికాలు ఎంత గట్టిగా నొక్కానో చెప్పలేను. కాలి కింద మ్యాట్ తప్ప ఏమీ లేదు. "బ్రేక్! బ్రేక్!" అని అరిచాను. అది అప్పటికే బ్రేక్ తొక్కింది. "అమ్మా, కాసేపు మాట్లాడకు. ప్లీజ్" అంది. హ్యాండ్ బ్రేక్ పైకి లాగింది. స్టార్ట్ చేసింది, ఫస్ట్ గేర్ వేసింది. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ మెల్లగా వదులుతుంటే ఇంజిన్ చప్పుడు బరువుగా మారింది, కారు ముందుభాగం ఒక్క రవ్వ పైకి లేచినట్టయింది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించింది. కారు ముందుకే కదిలింది. ఆ బస్సు డ్రైవరు అంతసేపూ హారన్ కొట్టలేదు. పైకి ఎక్కాక అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయన ఒకసారి లైట్లు వెలిగించి ఆర్పాడు. మన పిల్లలు రోడ్డు మీదకి వచ్చినప్పుడు వాళ్ళకి కావలసింది అలాంటి పెద్దవాళ్ళు. 'ఎల్' బోర్డు కనపడగానే హారన్ మీద చెయ్యి వేయకండి. లోపల ఎవరి పిల్లో ఉంది.

కింద దిగాక పక్కకి ఆపింది. "నువ్వు అరిస్తే నాకు ఎదురుగా ఉన్నది కనపడదమ్మా" అంది. నేను సరేనన్నాను. అప్పటి నుంచి పక్కన కూర్చుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుంటాను. కాలు మాత్రం చాలా నెలలు మ్యాట్‌ని నొక్కుతూనే ఉంది.

పోయిన నెల గుంటూరులో మా చెల్లెలి ఇంట్లో గృహప్రవేశం. మా వారికి కుదరలేదు. నేనూ అమ్మాయీ వెళ్ళాం. తిరిగి బయలుదేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. హైవే మీద లారీలు ఎక్కువగా ఉన్నాయి. సీటు బెల్టు పెట్టుకున్నాను, ఫోన్ సంచిలో పెట్టేశాను. అది ఎడమ లైనులోనే, 60 దాటకుండా నడుపుతోంది. పొద్దున్నుంచి వంటలూ పూజా, అలసటగా ఉంది.

కారు నెమ్మదించినట్టయి కళ్ళు తెరిచాను. ఎదురుగా కాజా టోల్‌గేట్ లైట్లు. "వచ్చేశామా?" అన్నాను. "ఇంకా మంగళగిరి రాలేదమ్మా. పెదకాకాని దగ్గరే పడుకుండిపోయావు" అంది మా అమ్మాయి. నా దుపట్టా జారిపోతే భుజం మీదకి సర్దింది. గేటు లేచింది, కారు ముందుకు పోనిచ్చింది.

నమస్కారం.